వేగం లేకుండా బేస్‌బాల్ పిచర్‌గా నిలబడటం సాధ్యమేనా?

ప్రశ్న: మా అక్కవాళ్లు డాలస్ దగ్గర ఉంటారు. వాళ్ల అబ్బాయికి 13 ఏళ్లు, రెండు జట్లలో పిచర్‌గా ఆడుతున్నాడు. బంతి మీద అదుపు ఉంది, వేగం లేదని కోచ్ పెదవి విరుస్తున్నారట. ఈ వృత్తికి వేగమే సర్వస్వమా? ఒక పిచర్ ఎన్నాళ్లు ఆడగలరు?

జవాబు:

సియాటిల్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడి జట్టు పిచర్ జేమీ మోయర్ ఆటను తరచూ చూసేవాడిని. నాకు ఈ ఆట మీద ప్రేమ పుట్టిందే ఆయన వల్ల, కాబట్టి జవాబులో కొంత పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

క్రికెట్ మాత్రమే తెలిసినవారికి రెండు మాటలు. పిచర్ పరుగెత్తుకుంటూ రాడు. చిన్న దిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, బంతి నేలకు తగలకుండా విసురుతాడు. మ్యాచ్ ఆరంభించే పిచర్‌కు మామూలుగా అయిదు రోజులకొకసారి వంతు వస్తుంది, వంద బంతులు అటూ ఇటూగా పని ముగుస్తుంది. మిగతా రోజులన్నీ ఆ చేతిని మళ్లీ పనికి సిద్ధం చేసుకోవడానికే.

2001లో సియాటిల్ మ్యారినర్స్ 162 మ్యాచ్‌లకు 116 గెలిచింది. ఊరంతా ఆ జట్టు బ్యాటర్ ఇచిరో సుజుకి జపమే. నేను మాత్రం మోయర్ వంతు ఎప్పుడో చూసుకుని టికెట్ కొనేవాడిని. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. అక్కడి మైదానంలో పిచర్లు చేయి వేడి చేసుకునే బుల్‌పెన్, జనం తిరిగే దారి పక్కనే ఉంటుంది. కాస్త ముందుగా వెళ్లి కంచె పట్టుకుని నిలబడితే అంతా కనిపిస్తుంది. మిగతా పిచర్ల బంతి క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునేవాడు) గ్లవ్‌లో పడితే ఎండు కట్టె విరిగినట్టు చప్పుడు వచ్చేది. మోయర్ బంతికి ఆ చప్పుడే లేదు. గంటకు 82 మైళ్లు, అంటే 132 కిలోమీటర్ల చుట్టుపక్కల. తరువాతి బంతిని వేళ్ల చివర్ల నుంచి అరచేతి లోపలికి జరుపుకునేవారు. చేయి తిరిగే తీరులో తేడా లేదు, ముఖంలో తేడా లేదు. బంతి మాత్రం పది మైళ్ల వేగం తగ్గి, తీరిగ్గా వచ్చి పడేది. దీన్ని చేంజప్ అంటారు. మ్యాచ్ మొదలయ్యాక చూడాలి తమాషా. కొండల్లాంటి బ్యాటర్లు బంతి రాకముందే బ్యాట్ తిప్పేసి, క్యాచర్ చేతిలో ఉన్న దాన్ని వెనక్కి తిరిగి చూసుకునేవారు.

ఆ ఏడాది ఆయన ఖాతాలో 20 గెలుపులు, 6 ఓటములు. (గెలుపోటములను ఒక్క పిచర్ పేరు మీద రాయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తోటివాళ్లు ఒక్క పరుగు చేయకపోయినా ఓటమి ఆయనదే!) 2003లో 21 గెలిచి, నలభయ్యో ఏట తొలిసారి, ఆ మాటకొస్తే చివరిసారి కూడా, ఆ ఏటి మేటి ఆటగాళ్లతో కూర్చే ఆల్‌స్టార్ జట్టులోకి వచ్చారు.

మీ మేనల్లుడికి చెప్పాల్సింది మాత్రం ఈ వైభవం కాదు, అంతకుముందు జరిగింది. 1984 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) షికాగో కబ్స్ ఆయనను ఆరో రౌండులో తీసుకుంది. 1986 జూన్ 16న తొలి మ్యాచ్; ఎదుటి పిచర్ ఎవరంటే, పెన్సిల్వేనియాలో పెరుగుతున్నప్పుడు ఆయన ఆరాధించిన స్టీవ్ కార్ల్‌టన్. గెలుపు మోయర్‌దే. ఇంత అందమైన ఆరంభం తరువాత అన్నీ ఎదురుదెబ్బలే. తరువాత చేరిన టెక్సాస్ జట్టు వదిలేసింది. సెయింట్ లూయిస్‌లో ఒక్క గెలుపూ లేకుండా అయిదు ఓడి మళ్లీ రోడ్డున పడ్డారు. 1992లో కబ్స్ మరోసారి పిలిచినట్టే పిలిచి, ఆటగాడిగా వద్దులే, కోచ్‌గా ఉండమంది. అప్పటికి ఆయన లెక్క 34 గెలుపులు, 54 ఓటములు; వయసు 29. కోచ్ ఉద్యోగం వద్దని, పెద్ద లీగుకు (మేజర్ లీగ్) ఒక మెట్టు కింద టొలీడోలో ఆ సీజనంతా ఆడారు. కెరీర్ మొత్తం మీద ఆయన గెలిచినవి 269. అంటే 235 ఆ తరువాత వచ్చినవే.

అందరికీ ఇలా జరుగుతుందని అనుకోకండి. డ్రాఫ్ట్‌లో ఎంపికైనవారిలో ఎక్కువమంది పెద్ద లీగు గడప తొక్కకుండానే ఆగిపోతారు. తొక్కినవారికి కూడా అక్కడ ఆరేళ్ల సర్వీసు నిండేదాకా జట్టును ఎంచుకునే స్వేచ్ఛ రాదు. అమ్మినా, కింది లీగుకు పంపినా మాట్లాడకుండా పెట్టె సర్దుకోవాలి. పైగా మోయర్ ఎడమచేతివాటం. ఎడమచేతి పిచర్‌కు ఈ ఆటలో రెండో అవకాశం, మూడో అవకాశం కాస్త సులువుగా దొరుకుతాయి.

ఇక ఎన్నాళ్లు అనే ప్రశ్న. దాన్ని తేల్చేది వేగం కంటే మోచేయి. శాండీ కోఫాక్స్ అనే పిచర్ 1966లో 27 మ్యాచ్‌లు గెలిచి, ముప్పయ్యో ఏటనే మానేశారు. ఎడమ మోచేతి కీళ్లవాతం ఇక ఆడనివ్వలేదు. 1974లో మరో పిచర్ టామీ జాన్ మోచేతి లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే కట్టు) తెగింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన కుడి ముంజేతి నుంచి స్నాయువు తీసి ఎడమ మోచేతిలో అల్లారు. నూటికి ఒక్క వంతు ఆశ అన్నారు. జాన్ 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడారు. ఈ రోజు ఆ శస్త్రచికిత్సను ఆయన పేరుతోనే పిలుస్తారు. మోయర్ దాన్ని 2010 డిసెంబరులో చేయించుకున్నారు, 48 ఏళ్లకు! అందరూ ఇక చాలనుకున్నారు. 2012 ఏప్రిల్ 17న కొలరాడో రాకీస్ తరఫున గెలిచారు. అప్పటికి ఆయన వయసు 49 ఏళ్ల 151 రోజులు. పెద్ద లీగులో అంత వయసులో గెలిచిన పిచర్ మరొకరు లేరు. ఆ రోజు ఆయన బంతి 80 మైళ్లు కూడా దాటలేదు. అన్నట్టు, అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్లలాంటివి) ఇచ్చుకున్న రికార్డు కూడా ఆయనదే, 522. అంతకాలం ఆడితే దెబ్బలూ అన్నే తగులుతాయి మరి.

కోచ్ మాటలో మాత్రం నిజం లేకపోలేదు. ఈ రోజుల్లో పెద్ద లీగు ఫాస్ట్‌బాల్ సగటు 94 మైళ్ల దాకా ఉంది. ప్రతి బంతినీ యంత్రాలు కొలుస్తున్నాయి. 82 మైళ్ల కుర్రవాడిని, మోయర్‌లాంటి తెలివి ఉన్నా సరే, డ్రాఫ్ట్‌లో ముట్టుకోరని నా నమ్మకం. వేగం తగ్గాక నిలబడటం వేరు, అసలు వేగమే లేకుండా లోపలికి వెళ్లడం వేరు. అయితే 13 ఏళ్లకు ఆ తీర్పు చెప్పడం తొందరపాటు. ఒళ్లు ఎదిగితే వేగం దానంతటదే వస్తుంది. అదుపు అలా రాదు.

ఈ వయసులో చూడాల్సింది చేతిని. అమెరికాలో పిల్లల కోసం పిచ్ స్మార్ట్ అనే మార్గదర్శకాలు ఉన్నాయి. 13, 14 ఏళ్లవారికి రోజుకు 95 బంతులు గరిష్ఠం. ఒక రోజులో 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ విసిరితే నాలుగు రోజులు పూర్తి విశ్రాంతి. రెండు జట్లంటున్నారు కాబట్టి ఒక కోచ్ లెక్క మరో కోచ్‌కు తెలియకపోవచ్చు. అక్కయ్యను గానీ బావగారిని గానీ ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ రోజు ఎన్ని విసిరాడో రాయమనండి. మోచేతి లోపలివైపు నొప్పి అంటే ఆ వారం రెండు జట్లకూ సెలవు చెప్పించి డాక్టరుకు చూపించండి.