అమెరికా ఆర్మీ క్వార్టర్స్‌లో ఆత్మరక్షణకు సొంత తుపాకీ ఉంచుకోవచ్చా?

బేస్ లోపలి ఫ్యామిలీ క్వార్టర్స్ అయితే సాధారణంగా ఉంచుకోవచ్చు, కానీ బయట అద్దె ఇంట్లో ఉన్నంత స్వేచ్ఛ ఉండదు. ముందుగా ఆ తుపాకీని బేస్‌లో రిజిస్టర్ చేయించాలి. బ్యారక్స్‌లో ఉండే సైనికులు మాత్రం గదిలో పెట్టుకోకూడదు, యూనిట్ ఆయుధాగారంలో అప్పగించాలి.

అసలు చిక్కు భద్రపరిచే పద్ధతితోనే. చాలా బేస్‌లలో తుపాకీని ఖాళీ చేసి, ట్రిగ్గర్ లాక్ వేసి, తూటాలు వేరేచోట పెట్టమంటారు. అర్ధరాత్రి తలుపు బద్దలైతే తాళంచెవి వెతికి, లాక్ తీసి, తూటాలు నింపేలోపు జరగాల్సింది జరిగిపోవచ్చు. అలాగని లోడ్ చేసి దిండు కింద పెట్టుకోవద్దు, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో. మీ బేస్ నిబంధనలు ఒప్పుకుంటే, వేలిముద్రతో తెరుచుకునే చిన్న సేఫ్ నయం.

రాష్ట్రం ఇచ్చిన క్యారీ పర్మిట్ చూపించి బేస్‌లో తుపాకీ వెంట తిప్పడం కుదరదు, దానికి కమాండర్ అనుమతి కావాలి. నిబంధన మీరితే సైనిక చట్టం ఆర్టికల్ 92 కింద కేసు పెట్టవచ్చు. గృహహింస కేసులో శిక్ష పడినవాళ్లకు 1996లో ఫెడరల్ తుపాకీ చట్టానికి చేసిన లాటెన్‌బర్గ్ సవరణ ప్రకారం తుపాకీ ఎక్కడా నిషిద్ధమే, యూనిఫాంలో ఉన్నా మినహాయింపు లేదు.

బేస్ బయట ఉంటే రాష్ట్ర, ఫెడరల్ చట్టాలు వర్తిస్తాయి. లోపలికి మారుతుంటే సామాను ఎక్కించకముందే మిలిటరీ పోలీసు ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ బేస్ రూల్స్ కాపీ అడిగి తీసుకోండి.