నిపుణులు పరీక్షించాక కూడా హిట్లర్ నకిలీ డైరీలను ఎలా నమ్మారు?

1983 ఏప్రిల్‌లో పశ్చిమ జర్మనీ పత్రిక ‘ష్టెర్న్’ తమకు హిట్లర్ రహస్య డైరీలు దొరికాయని ప్రకటించింది. వాటికోసం సుమారు 93 లక్షల మార్కులు ఖర్చుపెట్టింది. రెండు వారాల్లోనే అవి నకిలీవని తేలిపోయింది. కాగితంలో యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చిన తెలుపు రసాయనం దొరికింది.

మరి చేతిరాత నిపుణులు అంతకుముందు అసలువేనని ఎలా అన్నారు? తమాషా అంతా ఇక్కడే ఉంది. పోల్చి చూడమని వాళ్లకిచ్చిన ‘హిట్లర్ అసలు రాత’ నమూనాల్లో కొన్ని కూడా ఈ డైరీలను సృష్టించిన మోసగాడు కోన్రాడ్ కుయావ్ రాసినవే! ఒకే చేతి రాతలు కలవక ఏం చేస్తాయి?

అబద్ధానికి ఒక నిజం కూడా తోడైంది. 1945 ఏప్రిల్‌లో హిట్లర్ పత్రాలు తీసుకెళ్తున్న విమానం నిజంగానే కూలింది. డైరీలు అందులోవేనంటే కథ చక్కగా అతికింది. ఇక లోపలి విషయాలంటారా, చాలావరకు హిట్లర్ ప్రసంగాల సంకలనం నుంచి ఎత్తి రాసినవే. అందులోని తప్పులతో సహా.

నన్నడిగితే, అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది గోప్యత. పోటీ పత్రికలకు పొక్కుతుందన్న టెన్షన్‌తో విషయం కొద్దిమందికే తెలియనిచ్చారు. అనుమానించగల చరిత్రకారులకు తీరిగ్గా చదివే వీలే దొరకలేదు. ఈలోపు డబ్బూ పరువూ ఇరుక్కుపోయాయి. అట్టమీద ‘ఏ.హెచ్.’ ఉండాల్సిన చోట ‘ఎఫ్.హెచ్.’ అని ఉన్నా ఎవరూ ఆగలేదు.

1985లో కుయావ్‌కీ, డైరీలు తెచ్చిన విలేకరి గెర్డ్ హైడెమన్‌కీ నాలుగేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.