కప్పు మనదేనా సార్?

2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మొదలయ్యే జూన్ 11 దగ్గరపడేకొద్దీ ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో క్రికెట్ మాయమైపోయింది, అన్నీ ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ప్రశ్నలే, అందులోనూ ఎక్కువమంది అడిగేది ఒక్కటే, మా టీం కొడుతుందా కొట్టదా అని. అందుకే ఈసారి మిగతా ఆటల ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశా. బ్యాడ్మింటన్ వాళ్ళు కోప్పడకండి, వచ్చే సంచిక మీదే.

సార్, మాది పక్కా మెస్సీ బ్యాచ్. 2022లో వరల్డ్ కప్ కొట్టాం, 2024లో కోపా అమెరికా కొట్టాం, ఇప్పుడు గ్రూప్ కూడా ఈజీగా పడింది. ఇంక ఫైనల్ గ్యారంటీయేగా?
— అర్జెంటీనా అభిమాని, నెల్లూరు

గ్రూప్ ఈజీనే, కాదనను. అల్జీరియా, ఆస్ట్రియా, జోర్డాన్, అందులో జోర్డాన్‌కి ఇదే మొట్టమొదటి వరల్డ్ కప్. అయితే 2022లో సౌదీ మ్యాచ్‌కి ముందు కూడా అందరం ఇలాగే అనుకున్నాం, 2-1తో ఓడాక ఆ రాత్రి మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ ఎంత సైలెంట్‌గా ఉందో మీకే గుర్తుండాలి.

మీరు గ్రూప్ చూసి సంబరపడుతున్నారు గానీ చూడాల్సింది గ్రూప్ తర్వాత దారి ఎటు పోతుందని. ఈసారి 48 టీములు, 12 గ్రూపులు, కాబట్టి గ్రూప్ స్టేజ్ అయ్యాక 32 టీములతో ఒక నాకౌట్ రౌండ్ కొత్తగా వచ్చి చేరింది, కప్పు ఎత్తాలంటే ఇంతకుముందులా 7 కాదు, 8 మ్యాచ్‌లు ఆడాలి. ఆ కొత్త రౌండ్‌లో మీ జె గ్రూప్ ఫస్ట్ టీముకి హెచ్ గ్రూప్ సెకండ్ టీం తగులుతుంది, మీ సెకండ్‌కి వాళ్ళ ఫస్ట్. హెచ్‌లో ఎవరున్నారో చూశారా? స్పెయిన్, ఉరుగ్వే. అంటే మీరు దర్జాగా గ్రూప్ గెలిచినా ఎదురొచ్చేది చాలావరకు ఉరుగ్వేనే, ఏ ఆస్ట్రియాతోనో డ్రా చేసుకుని సెకండ్‌కి జారారో, స్పెయిన్ చేతిలో పడే ఛాన్స్ ఉంది, అదీ నాకౌట్ మొదటి మ్యాచ్‌లోనే. ఎవరు ఏ గ్రూప్ అని లాటరీ తీసేటప్పుడు స్పెయిన్, అర్జెంటీనాలు గ్రూపులు గెలిస్తే ఫైనల్ దాకా కలవకుండా ఏర్పాటు చేశారు, కానీ ఆ రక్షణ గ్రూప్ గెలిచినోళ్ళకే.

ఇంకోటి, వరసగా రెండుసార్లు కప్పు కొట్టింది చరిత్రలో రెండే టీములు, ఇటలీ 1934, 38, బ్రెజిల్ 1958, 62. తర్వాత ఎవరివల్లా కాలేదు. 2002లో ఫ్రాన్స్, 2010లో ఇటలీ, 2014లో స్పెయిన్, 2018లో జర్మనీ, నలుగురూ ఛాంపియన్లుగా వచ్చి గ్రూప్‌లోనే సర్దుకుని వెళ్ళిపోయారు. 2002 నుంచి చూస్తే ఛాంపియన్‌గా వచ్చి ఫైనల్ దాకా లాక్కొచ్చింది మొన్న 2022లో ఫ్రాన్స్ ఒక్కటే, అదీ మీ చేతిలోనే పెనాల్టీల్లో పోయింది.

మెస్సీ ఆడితే టోర్నీ మధ్యలో, జూన్ 24న, 39 నిండుతాయి. 8 మ్యాచ్‌లు, అందులో కొన్ని జూన్ ఎండల్లో. కోచ్ స్కలోని అతన్ని ప్రతి మ్యాచ్‌లో 90 నిమిషాలు పరిగెత్తిస్తాడనుకోను. లౌతారో, అల్వారెజ్, ఎంజో, మాక్ అలిస్టర్ ఉన్న టీముకి ఆ అవసరం కూడా లేదు, సౌత్ అమెరికా క్వాలిఫైయింగ్‌లో 38 పాయింట్లతో టాప్‌లో నిలిచారు. నా లెక్కలో సెమీస్ టీమే. ఆ పైన ఇప్పటికి అడగొద్దు.

అన్నా, బ్రెజిల్ 24 ఏళ్ళుగా కప్పు కొట్టలేదు. 1970 తర్వాత కూడా 24 ఏళ్ళకే, 1994లో, అదీ అమెరికాలోనే కొట్టింది. ఇప్పుడూ అమెరికానే. ఇది సైన్ కాదా?
— పసుపు జెర్సీ వాడు, కాకినాడ

లెక్క కరెక్టే తమ్ముడూ, చదవగానే నాకూ బావుంది. కానీ 1994 టీంలో రొమారియో, బెబెటో ముందుంటే వెనకాల డుంగా గోడలా నిలబడ్డాడు. ఇప్పటి టీంలో ఆ గోడ ఎక్కడుందో చూపించు ముందు.

ఈసారి క్వాలిఫైయింగ్ చూస్తే కడుపు తరుక్కుపోయింది. 18 మ్యాచ్‌ల్లో 6 ఓటములు, 28 పాయింట్లు, ఐదో స్థానం. 2022 ఖతార్ వరల్డ్ కప్ తర్వాత తాత్కాలిక కోచ్‌లతో కలిపి నలుగురు మారారు. 2025 మార్చిలో అర్జెంటీనా 4-1 కొట్టాక కోచ్ డొరివాల్‌ని పంపేసి అన్సెలోటిని తెచ్చుకున్నారు. ఆయన క్లబ్బుల్లో గెలవని కప్పు లేదు, సరే. కానీ ఇంతవరకు ఏ వరల్డ్ కప్పూ విదేశీ కోచ్ గెలవలేదు, ప్రతి ఛాంపియన్ టీం కోచూ ఆ దేశంవాడే. బ్రెజిల్‌కి ఇటలీ ఆయన, ఇంగ్లండ్‌కి జర్మనీ ఆయన టూకెల్, పోర్చుగల్‌కి స్పెయిన్ ఆయన మార్టినెజ్, ఈ ముగ్గురి అభిమానులూ ఈ సంగతి తలగడ కింద పెట్టుకుని పడుకోవాలి.

ఇక దారి. గ్రూప్‌లో మొరాకో, స్కాట్లాండ్, హైతీ. 1998లో కూడా మొరాకో, స్కాట్లాండ్ ఇదే గ్రూప్‌లో ఉన్నాయి, కానీ ఇప్పటి మొరాకో వేరు, 2022లో సెమీస్ ఆడిన టీం. గ్రూప్ గెలిస్తే ఎఫ్ గ్రూప్ సెకండ్ టీం, అంటే నెదర్లాండ్స్ గానీ జపాన్ గానీ తగలొచ్చు. జపాన్ అనగానే నవ్వకు, 2025 అక్టోబర్‌లో టోక్యోలో బ్రెజిల్ 2-0 లీడ్‌లో ఉండి 3-2తో ఓడింది, జపాన్ చేతిలో అదే మొదటి ఓటమి. 2002 తర్వాత బ్రెజిల్‌ని ఇంటికి పంపింది ప్రతిసారీ యూరప్ టీమే, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, జర్మనీ, బెల్జియం, క్రొయేషియా. 2014 సెమీస్‌లో జర్మనీ కొట్టిన ఆ 7-1 గురించి నేను మాట్లాడను, నువ్వూ మాట్లాడకు. క్వార్టర్స్ దాకా నమ్మకంగా కూర్చో.

రొనాల్డోకి ఇదే ఆఖరి ఛాన్స్. పోర్చుగల్ కొట్టి తీరాలి సార్, నేను మొక్కుకున్నా.
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

మొక్కుకుంటే మొక్కుకున్నారు గానీ బాబూ, రొనాల్డో ఐదు వరల్డ్ కప్పుల్లో కొట్టిన 8 గోల్స్‌లో ఒక్కటీ నాకౌట్ మ్యాచ్‌లో లేదని తెలుసా? 2022లో స్విట్జర్లాండ్ మీద అతన్ని బెంచ్‌లో కూర్చోబెడితే టీం 6-1తో గెలిచింది, అతని బదులు దిగిన రామోస్ హ్యాట్రిక్ కొట్టాడు. 2025 నవంబర్‌లో ఐర్లాండ్ మ్యాచ్‌లో రెడ్ కార్డ్ తిని తర్వాతి మ్యాచ్‌కి లేకపోతే ఆర్మీనియాని 9-1 కొట్టారు. ఇవి చెప్తే రొనాల్డో వ్యతిరేకి అంటారు, అననివ్వండి. అదే రొనాల్డో 2025 నేషన్స్ లీగ్ ఫైనల్లో స్పెయిన్ మీద గోల్ కొట్టి కప్పు తేవడంలో చెయ్యేశాడు, అదీ నిజమే. 41 ఏళ్ళ మనిషిని చివరి అరగంట దింపితే ఎదుటి డిఫెన్స్‌కి చెమట పడుతుంది, మొదటి నిమిషం నుంచీ దింపితే ప్రెస్సింగ్‌కి, అంటే ఎదుటివాళ్ళ మీదకెళ్ళి బాల్ లాక్కోడానికి, ఒక మనిషి తక్కువ. ఈ నిర్ణయం తీసుకునే ధైర్యం కోచ్‌కి ఉందా అన్నదే పోర్చుగల్ ప్రశ్నంతా. ఎందుకంటే టీం మాత్రం అదిరింది, విటీన్యా, జొవావ్ నెవెస్, నునో మెండెస్ ముగ్గురూ 2025లో ఫ్రాన్స్ క్లబ్ పీఎస్‌జీతో ఛాంపియన్స్ లీగ్ కొట్టినవాళ్ళు. 2025లో కారు ప్రమాదంలో పోయిన జోటా లేని లోటు మాత్రం ఎవరూ పూడ్చలేరు.

ఒక ఆశ పెడతా. పోర్చుగల్, అర్జెంటీనా రెండూ గ్రూపులు గెలిచి, తర్వాతి రెండేసి మ్యాచ్‌లూ గెలిస్తే కాన్సస్ సిటీలో క్వార్టర్ ఫైనల్లో తగులుకుంటాయి. అక్కడ జూలై 11 శనివారం రాత్రి, మనకి ఆదివారం పొద్దున్న. మెస్సీ, రొనాల్డో ఇన్నేళ్ళలో వరల్డ్ కప్‌లో ఒక్కసారీ ఎదురుపడలేదు.

నార్వే?
— హాలండ్ ఫ్యాన్, తిరుపతి

1998 తర్వాత ఇదే మొదటిసారి. క్వాలిఫైయింగ్‌లో 8కి 8 గెలుపులు, హాలండ్ ఒక్కడే 16 గోల్స్, ఇటలీని రెండుసార్లూ చితక్కొట్టారు. కానీ పడింది ఫ్రాన్స్, సెనెగల్ ఉన్న గ్రూప్‌లో. జాతకం అంటారు దీన్నే.

గ్రూప్‌లో మూడో స్థానం వచ్చినా ముందుకెళ్తారంటగా, మరి గ్రూప్ మ్యాచ్‌లు ఎందుకండీ దండగ?
— రిటైర్డ్ టీచర్, రాజమండ్రి

మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే. 12 మంది మూడో స్థానం వాళ్ళలో 8 మంది వెళ్ళిపోతారు, మూడు మ్యాచ్‌లాడి ఒకటి గెలిస్తే చాలావరకు గట్టెక్కినట్టే. పెద్ద టీములకి మొదటి వారం కాస్త రిలాక్స్ ఇచ్చినట్టయింది, నాకూ నచ్చలేదు. అయితే 2016 యూరోలో ఇలాంటి రూల్ మీదే పోర్చుగల్ మూడు మ్యాచ్‌లూ డ్రా చేసుకుని మూడో స్థానంలో బయటపడి చివరికి కప్పు ఎత్తుకెళ్ళింది. ఇంకో పక్క 48 చేయడం వల్లే సుమారు లక్షన్నర జనాభా ఉన్న కురసావో వస్తోంది, వరల్డ్ కప్‌కి వచ్చిన దేశాల్లో అంత చిన్నది ఇంతవరకు లేదు. మన జిల్లా కేంద్రం అంత కూడా లేని దేశం జర్మనీతో ఆడుతుంటే చూడనంటారా మీరు?

మేము ఫ్రిస్కోలో ఉంటాం. డాలస్‌లో 9 మ్యాచ్‌లున్నాయి, మా వారు అర్జెంటీనా మ్యాచ్‌కి వెళ్దామంటారు, రేట్లు చూస్తే గుండె ఆగుతోంది. పిల్లలతో ఆ ఎండలో కూర్చోగలమా?
— ఒక గృహిణి, టెక్సస్

ఎండ భయం మీకక్కర్లేదమ్మా, ఆర్లింగ్టన్ స్టేడియం పైకప్పు మూస్తారు, లోపల ఏసీ, పిల్లలకి స్వెటర్లు పట్టుకెళ్ళండి. ఎండతో బాధ మయామీ, కాన్సస్ సిటీ లాంటి చోట్ల. అందుకే ఈసారి ఏ స్టేడియం అయినా సరే ప్రతి హాఫ్ మధ్యలో 3 నిమిషాలు నీళ్ళ బ్రేక్ ఇస్తున్నారు. మీకు అసలు తలనొప్పి దారి, స్టేడియం గుమ్మం దాకా రైలు లేదు, పార్కింగ్ ముందే చూసుకోకపోతే టికెట్ కన్నా అదే ఎక్కువ ఏడిపిస్తుంది.

అర్జెంటీనా అక్కడ రెండు ఆడుతుంది, జూన్ 22న ఆస్ట్రియాతో, 27న జోర్డాన్‌తో. మెస్సీ పేరుంటే రేటు దిగదు, రీసేల్‌లో కొంటే అమ్మేవాడి దగ్గరా కొనేవాడి దగ్గరా ఫిఫా కమిషన్ లాగుతుంది. నా మాట వింటే మీవారిని బుజ్జగించి 17వ తేదీ ఇంగ్లండ్, క్రొయేషియా మ్యాచ్ రేటు కూడా ఒకసారి చూడండి, ఆట పరంగా అదే గట్టి మ్యాచ్. రెండోదైన జోర్డాన్ మ్యాచ్‌కి అర్జెంటీనా అప్పటికే క్వాలిఫై అయిపోయుంటే మెస్సీ బెంచ్ మీదే కూర్చోవచ్చు, అంత డబ్బు పోసి అతను నీళ్ళు తాగడం చూసి రావాలి.

మేం ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం. ఈ టైమింగ్స్‌తో ఎలా చావాలి?
— ఐటీ ఉద్యోగి, గచ్చిబౌలి

రాత్రి 9:30కి మొదలై పొద్దున 9:30 మ్యాచ్ దాకా ఉన్నాయి, అన్నీ చూద్దామనుకుంటే ఉద్యోగం ఉండదు. అర్జెంటీనా, అల్జీరియా జూన్ 17 పొద్దున 6:30కి, టిఫిన్ టైం. ఆస్ట్రియా మ్యాచ్ రాత్రి 10:30కి. ప్రారంభ మ్యాచ్ మెక్సికో, సౌత్ ఆఫ్రికా అర్ధరాత్రి 12:30కి, 2010లో కూడా వీళ్ళిద్దరిదే మొదటి మ్యాచ్. ఫైనల్ మనకి ఆదివారం అర్ధరాత్రి దాటాక, అంటే జూలై 20 సోమవారం 12:30కి, ఆ సోమవారం లీవ్ ఇప్పుడే అప్లై చేసేయండి, మీ మేనేజర్ కూడా ఫ్యానైతే ఆయనకంటే ముందే.

ఇంగ్లండ్ 60 ఏళ్ళకైనా కొడుతుందా? ఇక్కడ హాస్పిటల్లో కొలీగ్స్ ‘ఇట్స్ కమింగ్ హోమ్’ పాట ఆపడం లేదు.
— తెలుగు డాక్టర్, బర్మింగ్‌హామ్

క్వాలిఫైయింగ్‌లో 8 మ్యాచ్‌లు, 8 గెలుపులు, 22 గోల్స్, ఒక్కటీ తినలేదు. ప్రత్యర్థులు ఎవరంటే సెర్బియా, అల్బేనియా, లాత్వియా, అండోరా, కాబట్టి ఆ సున్నా చూసి మురిసిపోకండి. 2021లో వెంబ్లీలో ఇటలీతో పెనాల్టీల్లో, 2024లో బెర్లిన్‌లో స్పెయిన్‌తో 2-1తో, వరసగా రెండు యూరో ఫైనల్స్ పోగొట్టుకున్న టీం ఇది. ముందుకొచ్చి దాడి చెయ్యాల్సిన చోట వెనక్కి జరుగుతారు, అది పాత కోచ్ సౌత్‌గేట్ రోగం అనుకున్నారు, టూకెల్‌కి మందు దొరికిందో లేదో నాకౌట్‌లో తెలుస్తుంది. పాట పాడనివ్వండి పాపం.

వాళ్ళ సంగతి సరే, 48 టీములైనా మనం ఎందుకు లేం?
— పాతబస్తీ నుంచి ఒక అభిమాని, హైదరాబాద్

అన్నా, ఇది అడగాల్సింది మీ ఊరివాళ్ళే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో సౌత్ కొరియాని 2-1తో ఓడించిన టీం కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడితే రహీం అతన్ని తీసుకెళ్ళి ఫార్వర్డ్‌గా ఆడించాడు, ఆ జర్నైలే ఫైనల్లో గోల్ కొట్టాడు. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్, మరుసటి ఏడాదే పోయారు. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన టీముకీ ఆయనే కోచ్, మన సికింద్రాబాద్ బలరాం కూడా అందులో ఉన్నాడు.

ఇప్పుడు? 2024 జూన్‌లో వరల్డ్ కప్ క్వాలిఫైయింగ్‌లో ఖతార్ మీద 1-0 లీడ్‌లో ఉండగా బాల్ గోల్ లైన్ దాటి బయటికెళ్ళింది, మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆడటం ఆపేశాడు, ఖతార్ వాడొకడు బయటి నుంచి లోపలికి లాగితే ఇంకొకడు గోల్ కొట్టాడు, రిఫరీ ఇచ్చేశాడు, వీడియో చూసి సరిదిద్దే వీఏఆర్ లేదు. 2-1తో ఇంటికి. అది అన్యాయమే, కానీ దాని మీదే అంతా నెట్టలేం, తర్వాత 2027 ఏషియన్ కప్‌కి కూడా క్వాలిఫై కాలేదు, హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్ మూడింటి చేతిలోనూ ఓడాం. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరే వదిలి ఢిల్లీ వెళ్ళిపోయింది. క్లబ్ నిలబడని చోట పదేళ్ళ పిల్లాడు ఎవర్ని చూసి బూట్లు కొనమంటాడు? మీకు ఊరట కావాలంటే అమ్మాయిల వైపు చూడండి, 2025 జూలైలో థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2-1 కొట్టి 2026 ఏషియన్ కప్‌కి అర్హత తెచ్చుకున్నారు. ఆ సీనియర్ టీంకి ఆడే గుగులోత్ సౌమ్య నిజామాబాద్ అమ్మాయి.

ఇన్ని చెప్పారు, మీ ఛాంపియన్ ఎవరో తప్పించుకోకుండా ఒక్క పేరు చెప్పండి.
— విశాఖ నుంచి నలుగురు ఫ్రెండ్స్

స్పెయిన్. రెండోది ఫ్రాన్స్, ఎంబాపే 2022 నాటికే వరల్డ్ కప్పుల్లో 12 గోల్స్ కొట్టాడు, అప్పటికి రికార్డు జర్మనీ క్లోజేది, 16, కాబట్టి అతని ఆకలి వేరు. బెట్టింగ్ కోసం అడిగారేమో, ఆ యాప్‌ల జోలికి పోకండి, పందెం బిర్యానీ దాకా చాలు.