స్క్రీనే స్కానర్ అయితే 85 వేలు పెట్టొచ్చా?

బొబ్బిలి నుంచి ఒకావిడ పంపిన ప్రశ్న ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను. "ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఎనిమిదడుగుల షాపులో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల పని చేసుకుంటున్నాను. ఒక్కటే టేబుల్. మానిటర్, స్కానర్, ప్రింటర్ పెట్టేసరికి కస్టమర్ సంతకం పెట్టడానికి కూడా జాగా మిగలడం లేదు. మా మరిది విశాఖలో ఒక ఎగ్జిబిషన్‌లో మానిటర్, స్కానర్ రెండూ ఒకటే అయిన మెషీన్ చూశాడు. స్క్రీన్ మీద కాగితం బోర్లా పెడితే చాలు, స్కాన్ అయిపోతుందట. ధర 85 వేలు. ఫైనాన్స్ వాళ్లు మొత్తం రూపాయి వడ్డీకి 24 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. ఫోన్‌లో 5 వేలు అడ్వాన్స్ కూడా కట్టేశాం. 3 లక్షలు కడితే జిల్లాకి డీలర్‌షిప్ కూడా ఇస్తారట, డ్వాక్రా లోను, నా బంగారం కలిపితే సరిపోతుందని మరిది అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?"

అమ్మా, జవాబు ముందే చెప్పేస్తాను, లెక్కలు తర్వాత చూద్దాం. మెషీన్ కొనకండి. డీలర్‌షిప్ జోలికి అసలే వెళ్లకండి. జాగా ఇబ్బంది మాత్రం నిజమైనదే, అది 5 వేల లోపే తీరుతుంది, ఎలాగో కింద రాశాను.

మీ మరిది చూసింది మాయ అని నేను అనడం లేదు. స్క్రీన్‌తోనే కాగితాన్ని చదివించడం చాలా ఏళ్లుగా కంపెనీలు చేస్తున్న ప్రయత్నమే. ఎల్‌సీడీకి వెనక లైటు ఎలాగూ ఉంటుంది కదా, ఆ వెలుతురు పైన బోర్లా పెట్టిన కాగితానికి తగిలి వెనక్కి వస్తుంది. ప్యానెల్‌లో ఒక్కో పిక్సెల్ (బొమ్మని చూపించే చుక్క) పక్కన వెలుతురుని పట్టుకునే చిన్న సెన్సర్ కూడా పెడితే, తెల్లగా ఉన్నచోట ఎక్కువ, సిరా ఉన్నచోట తక్కువ వెలుతురు తిరిగొచ్చి కాగితం బొమ్మ తయారవుతుంది. షార్ప్ కంపెనీ 2007లోనే మూడున్నర అంగుళాల ప్యానెల్ ఒకటి ఇలా చేసి చూపించింది, దాని మీద విజిటింగ్ కార్డు పెడితే స్కాన్ చేసేది. తర్వాత సామ్‌సంగ్, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌యూఆర్40 అని 40 అంగుళాల బల్లలాంటి స్క్రీన్ తెచ్చాయి, మీద ఏ వస్తువు పెట్టారో అది గుర్తుపట్టేది, ధర 8 వేల డాలర్ల పైమాటే. 2014లో హెచ్‌పీ ఇంకో దారిలో వెళ్లింది, స్ప్రౌట్ అనే కంప్యూటర్‌కి పైనుంచి కెమెరా, ప్రొజెక్టర్ వంగి చూసేలా అమర్చి 1,899 డాలర్లకి అమ్మింది. అంతంత పెద్ద కంపెనీలు చేసినవి కూడా మన జిరాక్స్ షాపుల దాకా రాలేదంటే దానికి కారణం ఉంది.

స్క్రీన్ మీదే వేలిముద్ర పెట్టే ఫోన్లు ఉన్నాయి కదా, వాటిలో చాలావరకు ఇలాగే వేలి మీద వెలుతురు వేసి చదువుతాయి. కాకపోతే అక్కడ చదవాల్సింది బొటనవేలంత జాగా. ఏ4 కాగితం మొత్తం చదవడం వేరే సంగతి.

ఎందుకో మీరే లెక్క వేసుకోవచ్చు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి, అంటే అంగుళానికి 92 దాకా, డీపీఐ అనేది ఈ లెక్కే. చుక్కకో సెన్సర్ చొప్పున పెట్టినా ఆ స్కాన్ 92 డీపీఐ దాటదు. మీ దగ్గరున్న మామూలు ఫ్లాట్‌బెడ్ 300 డీపీఐలో తీస్తే ఏ4 కాగితం 2480 అడ్డం, 3508 నిలువు చుక్కలతో వస్తుంది, అదే కాగితం 92లో అయితే సుమారు 760, 1075. మొత్తం చుక్కలు లెక్కేస్తే పదో వంతు కూడా లేవు. సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 300 అని చూపించొచ్చు, కానీ లేని అక్షరం అందులోంచి రాదు. అందుకే అమ్మేవాళ్లని అడగాల్సిన మొదటి మాట "ఆప్టికల్ డీపీఐ ఎంత?" అని, అదీ నోటిమాటగా కాదు, కొటేషన్ మీద రాసివ్వమనండి.

ఎగ్జిబిషన్‌లో వాళ్లు పెట్టి చూపించేది సాధారణంగా కొత్త తెల్ల కాగితం, పెద్ద అక్షరాలు. మీ షాపుకి వచ్చేవి అలాంటివి కావు. తెర్లాం నుంచో బాడంగి నుంచో వచ్చిన రైతు చొక్కా లోపలి జేబులోంచి తీసిన పట్టాదారు పాసుపుస్తకం స్కానర్ అద్దం మీద పెట్టి చూడండి. కుట్టు దగ్గర పేజీ పైకి లేచి ఉంటుంది, అక్కడ నీడ పడి సర్వే నంబరులో ఒక అంకె మసకబారుతుంది, మీరు అరచేత్తో గట్టిగా నొక్కిపట్టి మళ్లీ తీస్తారు. సన్నగా ఉండే సీఐఎస్ రకం స్కానర్లతోనే ఈ బాధ ఉంది, అద్దానికి ఆనుకున్నది బాగా వస్తుంది, కాస్త లేచి ఉన్నది చెదిరిపోతుంది. ప్యానెల్ లోపల సెన్సర్లు పెట్టిన స్క్రీన్‌కి మధ్యలో లెన్స్ కూడా ఉండదు కాబట్టి ఇది ఇంకా ఎక్కువ. పైగా అప్పుడు మీరు అరచేత్తో నొక్కేది మానిటర్‌ని. పిన్ను తీయని దరఖాస్తు దాని మీద ఒక్కసారి జారితే చాలు, గీత పడేది 85 వేల వస్తువు మీద. ఫ్లాట్‌బెడ్ అద్దం మీద గీత పడితే మహా అయితే ఆ స్కానర్ ఒక్కటే పోతుంది.

ఇంకోటి, స్క్రీన్ మీద కాగితం పెట్టినంతసేపూ మీకు అప్లికేషన్ కనబడదు. జూన్, జులైల్లో కాలేజీ అడ్మిషన్లకి కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం పిల్లలు క్యూ కట్టినప్పుడు మీ పని ఎలా సాగుతుందో మీకే తెలుసు, ఒకరి కాగితం స్కాన్ అవుతుండగా ఇంకొకరి వివరాలు టైప్ చేస్తుంటారు. రెండు పనులూ ఒకే అద్దం మీదికి వస్తే అది కుదరదు. స్క్రీన్‌ని బల్ల మీద పడుకోబెడితే రోజంతా మెడ వంచి పని చేయాలి, నిలబెడితే కాగితాన్ని చేత్తో పట్టుకోవాలి. అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది రిపేరు. ప్యానెల్ పోతే మానిటర్, స్కానర్ ఒకేసారి పోతాయి, ఆ రోజు షాపు మూతే. ఇప్పుడైతే స్కానర్ చెడిపోయినా ఫోన్‌తో తీసి ఎలాగో సాయంత్రం దాకా నెట్టుకొస్తారు.

సరే, డబ్బు లెక్కకి వద్దాం. మానిటర్, స్కానర్ మీకు ఇప్పటికే ఉన్నాయి, రెండూ పని చేస్తున్నాయి. అంటే ఈ 85 వేలూ టేబుల్ మీద అడుగున్నర జాగా కోసమే కడుతున్నట్టు. ఆ జాగా నెలకి మీకు ఎంత సంపాదించి పెడుతుంది? ప్రశ్న అదొక్కటే.

ఫైనాన్స్ వాళ్లు చెప్పిన రూపాయి వడ్డీని కాగితం మీద పెట్టండి. నూటికి నెలకి రూపాయి అంటే 85 వేలకి నెలకి 850, 24 నెలలకి 20,400. మొత్తం 1,05,400, వాయిదా 4,392. మీరు ప్రతి నెలా అసలు కొంత తీరుస్తూనే ఉంటారు, వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 85 వేల మీదే పడుతుంది. బ్యాంకులో అదే రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం, తగ్గే బాకీ మీద వేస్తే వాయిదా 4,001 దగ్గర, వడ్డీ మొత్తం 11 వేల చిల్లర. అంటే వీళ్లు చెప్పే రూపాయి వడ్డీ బ్యాంకు లెక్కలో ఏడాదికి 21 శాతం దాటుతోంది. మన వైపు ఈ మాటకి ఎంతమంది పడిపోతున్నారో రోజూ చూస్తున్నాను, చాలా బాధగా ఉంటుంది. ఎవరు అప్పు ఇస్తామన్నా "వడ్డీ తగ్గే బాకీ మీదా, మొదటి అసలు మీదా?" అని అడిగి, జవాబు రాయించుకోండి.

ఆ 4,392 ఎక్కడి నుంచి రావాలి? స్కాన్‌కి పది రూపాయలు తీసుకుంటే నెలకి 440 స్కాన్లు, 26 పనిదినాలకి రోజుకి 17. ఇప్పుడు చేస్తున్నవి కాకుండా అదనంగా 17. కొత్త మెషీన్ వచ్చినంత మాత్రాన బొబ్బిలిలో రోజూ పదిహేడుమంది కొత్తవాళ్లు మీ గుమ్మం ఎక్కరు. 85 వేలు జీఎస్టీతో కలిపా, విడిగానా అన్నది కూడా మీ ఉత్తరంలో లేదు. విడిగా అయితే 18 శాతం కలిపి 1,00,300 అవుతుంది, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పన్ను మీకు తిరిగి రాదు. కంప్యూటర్ల మీద 40 శాతం తరుగుదల (ఏటా తగ్గే విలువని ఖర్చుగా చూపించడం) వస్తుంది, పన్ను ఆదా అని కూడా అమ్మేవాళ్లు చెబుతుంటారు. మీలాంటి షాపులు ఎక్కువగా చిన్న వ్యాపారాలకి ఆదాయపన్నులో ఉన్న సులువు పద్ధతి కింద అమ్మకాల మీద ఇంత శాతం లాభం అని చూపిస్తాయి, అందులో తరుగుదల కలిసిపోయినట్టే లెక్క, విడిగా తీసుకోవడానికి లేదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా ఎలాగూ పన్ను పడటం లేదు, ఇక ఆదా చేసేదేముంది?

ఇప్పుడు జాగా సంగతి. మానిటర్ వెనక చూడండి, చాలా మోడళ్లకి చదరంగా నాలుగు స్క్రూ రంధ్రాలుంటాయి. వాటికి సరిపోయే గోడ స్టాండు రెండు వేల లోపు దొరుకుతుంది, మానిటర్ గోడకెక్కితే దాని కింద జాగా మొత్తం ఖాళీ. కార్పెంటర్‌తో టేబుల్ కింద కీబోర్డుకి పెట్టేలాంటి లాగుడు పలక ఒకటి స్కానర్ కొలతకి చేయించండి, పని ఉన్నప్పుడు లాగి మూత తెరుస్తారు, లేనప్పుడు లోపలికి తోసేస్తారు. దానికంటే ముందు, మీ జిరాక్స్ మెషీన్ డిజిటల్‌ది అయితే మెకానిక్‌ని "దీనికి స్కాన్ ఉందా?" అని అడగండి. చాలా మెషీన్లలో ఆ సౌకర్యం ఉంటుంది, కేబుల్ కలపకపోవడం వల్లో డ్రైవర్ వేయకపోవడం వల్లో వాడరు. ఉంటే స్కానర్‌ని టేబుల్ మీంచే తీసేయొచ్చు. వీటికి అప్పు అక్కర్లేదు, ఒక మంచి వారం వసూళ్లు చాలు. రేపు నిజంగా రెండో కంప్యూటరో మంచి కలర్ ప్రింటరో కావాలనుకుంటే బ్యాంకులో ముద్ర లోను అడగండి, శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తనఖా లేకుండా ఇస్తారు.

డీలర్‌షిప్ గురించి గట్టిగానే చెప్తాను. డ్వాక్రా లోను మీ ఒక్కరిది కాదమ్మా, గ్రూపు పేరు మీద వచ్చేది. ఒకరు వాయిదా తప్పితే తర్వాతి లోనుకి గ్రూపు మొత్తానికీ ఇబ్బంది, రోజూ ఎదురుపడే ఆడవాళ్ల దగ్గర మీరు తల దించుకోవాల్సి వస్తుంది. బంగారం ఇంట్లో ఆసుపత్రి అవసరం వచ్చినప్పుడు గంటలో డబ్బు చేసే వస్తువు, దాన్ని అమ్ముడుపోతుందో లేదో తెలియని సరుకు కోసం తాకట్టు పెట్టకండి. మరిది పట్టుదలగా ఉంటే ఆయన్ని తప్పుపట్టకుండా కూర్చోబెట్టి కొన్ని విషయాలు మెషీన్ అమ్మేవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తెమ్మనండి. ప్యానెల్ పోతే రిపేరు ఎక్కడ, ఎన్ని రోజుల్లో, ఎంతకి? అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటారా? ఈ మెషీన్ ఇప్పటికే రోజూ వాడుతున్న షాపులు ఏవి, మనమే వెళ్లి చూడొచ్చా? మానిటర్లు, స్కానర్లు మన దేశంలో అమ్మాలంటే బీఐఎస్ (వస్తువుల నాణ్యత ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, లేబుల్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఆ నంబరు లేకపోతే ఇక మాట్లాడాల్సింది ఏమీ లేదు.

అడ్వాన్స్ 5 వేల కోసం ఇవాళే మెసేజ్ పెట్టండి, ఫోన్ చేసి ఊరుకోవద్దు. "ఆర్డర్ రద్దు చేసుకుంటున్నాను, ఫలానా తేదీన పంపిన 5,000 అదే ఖాతాకి తిరిగి వేయండి" అని రాసి, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, వాళ్లిచ్చిన కొటేషన్ జత చేయండి. వారంలో స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు. "అడ్వాన్స్ పోతుంది, మిగతాది కట్టేస్తేనే మేలు" అని వాళ్లు భయపెట్టినా వినకండి. ఆ 5 వేలు తిరిగి రాకపోయినా సరే, వాటి కోసం ఇంకో 80 వేలు కట్టకండి.