కుట్టు మానడం లేదు.. దాత ప్లేట్‌లెట్లు పూయించవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మ వయసు 61. షుగర్ ఉంది. గర్భసంచి తీసి రెండు నెలలు దాటినా పొట్ట మీద కుట్టు ఒకచోట మానలేదు, రోజూ కొద్దిగా నీరు కారుతోంది. చీము పడుతుందని పప్పు, గుడ్డు మానిపించి చారన్నం, చోడి అంబలి పెడుతున్నాం. హిమోగ్లోబిన్ 8 ఉంది. బ్లడ్ బ్యాంకు నుంచి ప్లేట్‌లెట్లు తెప్పించి పుండు మీద వేస్తామని సర్జన్ అంటున్నారు. పరాయి రక్తంతో ప్రమాదం లేదా? దానికి బదులు నా రక్తం ఇవ్వవచ్చా?
- ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ముందు ఆ పథ్యం మాన్పించండి. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. కొత్త కండ పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి. మీరు మానిపించింది సరిగ్గా వాటినే! అంబలి మంచిదే, దానితో సరిపెట్టకండి. కిడ్నీ జబ్బు లేకపోతే గుడ్డు, పప్పు, చేప, పెరుగు రోజూ పెట్టండి.

ఇక సర్జన్ గారి మాట. ప్లేట్‌లెట్లు రక్తాన్ని గడ్డకట్టించడంతో ఆగవు. వాటిలోని వృద్ధి కారకాలు గాయం దగ్గర విడుదలై కొత్త రక్తనాళాలు, కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తి ఏర్పడేలా చేస్తాయి. అందుకే ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ప్లాస్మాకు కాల్షియం కలిపి, జెల్‌లా గడ్డకట్టాక పుండు మీద పరిచి కట్టు కడతారు. మామూలుగా రోగి రక్తం నుంచే తయారు చేస్తారు. మీ అమ్మగారికి అసలే రక్తం తక్కువ, పదేపదే తీయడం నాకూ ఇష్టం ఉండదు. కాబట్టి దాత ప్లేట్‌లెట్ల ఆలోచన సబబే.

లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకులో ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. ముప్పు బాగా తక్కువ, సున్నా అని మాత్రం చెప్పను. గ్రూపు కలిసినది అడగండి. కొడుకు రక్తమైనంత మాత్రాన దానికి ప్రత్యేక భద్రత ఏమీ రాదు, మీ రక్తానికీ అవే పరీక్షలు తప్పవు. ఇవ్వాలనుంటే బ్లడ్ బ్యాంకుకే ఇవ్వండి, ఎవరికో ఒకరికి అక్కరకొస్తుంది.

అయితే ఈ వైద్యాన్ని ఎక్కువగా పరీక్షించింది షుగర్ రోగుల పాదాల పుండ్ల మీద, అదీ చాలావరకు వారి సొంత రక్తంతో. పొట్ట మీది కుట్టుకు పనిచేసి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. లోపల కారణం అలాగే ఉంటే ఏ జెల్ వేసినా వృథా. రెండు నెలలుగా ఒకేచోట నీరు కారుతోందంటే లోపల కుట్టుదారమో, చీము గూడో ఉందేమోనని నా అనుమానం. అల్ట్రాసౌండ్ తీయించండి. కారే నీటిని కల్చర్‌కు (క్రిములను పెంచి గుర్తించే పరీక్షకు) పంపేటప్పుడు క్షయ జాతి క్రిములకూ పరీక్ష చేయమనండి, అవి మామూలు కల్చర్‌లో తరచూ బయటపడవు. మూడు నెలల సగటు షుగర్, రక్తంలోని అల్బుమిన్ అనే మాంసకృత్తి కూడా చూడాలి.

ఇంకొకటి, గర్భసంచి ఎందుకు తీశారో మీరు రాయలేదు. బయాప్సీ రిపోర్టు సర్జన్‌కు తప్పకుండా చూపించండి. అందులో క్యాన్సర్ అని ఉంటే వృద్ధి కారకాల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

జ్వరం, దుర్వాసన, చుట్టూ ఎరుపు పాకడం, దగ్గినప్పుడు కుట్టు దగ్గర ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి కట్టు రోజు దాకా ఆగకండి. సర్జన్ అందుబాటులో లేకపోతే అదే రోజు విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.