యాభై దాటాక వాద్యం నుంచి కుంచె వైపు వెళ్తే సంగీతం పనికొస్తుందా?

చాలా ఏళ్లు వీణ వాయించాననీ, ఇప్పుడు కొండలూ సముద్రమూ బొమ్మలుగా వేయాలనిపిస్తోందనీ, సంగీతం ఇందులో అక్కరకొస్తుందా అనీ అడిగారు. నేను కచేరీల్లో పక్కవాద్యంగా వయొలిన్ వాయించేవాణ్ణి. ఎడమచేతి వేళ్లు బిగుసుకుపోవడం మొదలయ్యాక కచేరీలు తగ్గించుకుని, విశాఖ-భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లో వాటర్ కలర్స్ పట్టాను. పనికొస్తుంది. కాకపోతే అందరూ అనుకునే చోట కాదు.

భూపాలం తెల్లవారుజాము రాగం కాబట్టి నారింజ రంగు వేయాలి, ఇలాంటి లెక్కలు చెప్పేవాళ్లు చాలామంది తగులుతారు. నాకైతే అవెప్పుడూ అతకలేదు. అక్కరకొచ్చింది పక్కవాద్యం అలవాటు. గాయకుడు ఎటు వెళ్తే అటు వెంటనే అందుకోవాలి కదా, ఆరుబయట కూర్చుంటే వెలుతురుతోనూ అదే పని. పొద్దున్నే దిబ్బల కోతల్లో నీడలు నీలంగా, లోతుగా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ సన్నబడి, మధ్యాహ్నానికి అంతా చప్పగా అయిపోతుంది. ఆగమంటే ఆగదు.

అక్కడి మట్టి ఎరుపు ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది. ట్యూబులో దొరికే బర్న్ట్ సియెనా అనే ఎర్రటి గోధుమ రంగుకీ ఆ ఛాయనిచ్చేది అదే. కాబట్టి ఆ ఎరుపు కోసం పెద్దగా తంటాలు పడక్కర్లేదు, కష్టమంతా ముదురు, లేత తేడాల దగ్గరే. కళ్లు సగం మూసి చూస్తే ఆ తేడా తెలుస్తుంది. పైగా వాటర్ కలర్ ఆరాక లేతబడుతుంది. తడిమీద కాస్త ఎక్కువైందేమో అనిపించేంత ముదురుగా వేయాలి. ఈ ఒక్కటీ ఏ సంగీత సాధనా నేర్పదు, కాగితాలు తగలేయాల్సిందే.

మనలాంటివాళ్లకు అడ్డొచ్చేది అపస్వరం పడకూడదన్న పట్టుదల. ప్రతి సరుగుడు చెట్టూ ఉన్నచోటే ఉండాలనిపిస్తుంది. అక్కర్లేదండీ. రాగం దాటకుండానే, అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు కచేరీకో రకంగా వేస్తాం కదా, ఒకే దిబ్బను అలాగే మళ్లీ మళ్లీ వేయండి. ఒకసారి ఆకాశమే లేకుండా వేసినా నష్టం లేదు.

వయసు గురించి టెన్షన్ వద్దు. రెండు వేలకు పైగా పాటలు కట్టిన రవీంద్రనాథ్ ఠాగూర్ బొమ్మల మీద గట్టిగా కూర్చున్నది అరవై దాటాకే. 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టేనాటికి ఆయన డెబ్బైకి దగ్గర పడ్డారు. నల్లటి చెట్ల వెనక పసుపుపచ్చ వెలుగు నింపిన ఆయన ప్రకృతి చిత్రాలు వెతికి చూడండి. చిత్రకళ బడిలో నేర్చిన పద్ధతి వాటిలో కనబడదు, చూసిన సాయంత్రం మాత్రం కనబడుతుంది.

మొదట బర్న్ట్ సియెనా, అల్ట్రామెరీన్ బ్లూ, ఎల్లో ఓకర్ కొనుక్కోండి. మొదటి రెండూ చిక్కగా కలిపితే దాదాపు నలుపు వస్తుంది, కాబట్టి నల్లరంగు అవసరం లేదు. కాగితం మాత్రం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటిది) తీసుకోండి, పలచటిది తడికి ముడతలు పడుతుంది. డబ్బు మిగుల్చుకోవాలంటే రంగుల్లో మిగుల్చుకోండి, కాగితంలో వద్దు.