ఇంప్లాంట్ యాంటెన్నాలు నేర్చుకుంటానంటే ఆపకండి

కూకట్‌పల్లి నుంచి రాసిన నాన్నగారికి నమస్కారం. అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం, తోటివాళ్లంతా అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులకు వెళ్తుంటే తను మాత్రం పేస్‌మేకర్ లాంటి పరికరాల్లో పెట్టే బుల్లి యాంటెన్నాలు డిజైన్ చేస్తానంటోందని మీ టెన్షన్. ఆపకండి సార్.

తను ఎంచుకున్నది ఎంత గట్టి సమస్యో చూడండి. ఒంట్లో ఉన్న పరికరం బయటికి సమాచారం పంపడానికి కేటాయించిన ఫ్రీక్వెన్సీ 402-405 మెగాహెర్ట్జ్. గాలిలో ఆ తరంగం పొడవు దాదాపు 74 సెంటీమీటర్లు, అందులో సగం పొడవు యాంటెన్నా పెట్టాలన్నా 37 కావాలి, పేస్‌మేకర్ చూస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. అందుకే రాగి గీతను మెలికలు తిప్పుతారు, చుట్టలు చుడతారు. కండరంలో తరంగం 10 సెంటీమీటర్ల దాకా కుదించుకుపోతుంది, అంతవరకు మేలే, కానీ అదే కండరం సిగ్నల్‌లో చాలా భాగాన్ని వేడిగా మింగేస్తుంది. పోనీ పవర్ పెంచుదామంటే 25 మైక్రోవాట్ల పరిమితి.

ఉద్యోగాల సంగతి దాచను. అచ్చంగా ఈ పనికే ఉద్యోగాలు తక్కువ, బీటెక్‌తో దొరకడం కష్టం, ఎంటెక్ చేయాల్సిందే. నానక్‌రామ్‌గూడలో పేస్‌మేకర్లు తయారుచేసే మెడ్‌ట్రానిక్ కంపెనీ ఇంజనీరింగ్ సెంటర్, సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్క్ ఉన్నాయి. అయితే తను నేర్చుకునేది ఆర్ఎఫ్, అంటే రేడియో తరంగాల ఇంజనీరింగ్, అది రాడార్‌కూ మొబైల్ నెట్‌వర్క్‌కూ అదే. చాంద్రాయణగుట్టలో రక్షణ శాఖ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ డీఎల్‌ఆర్‌ఎల్, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మన ఊళ్లోనే ఉన్నాయి కదా.

ఇష్టం నిజమైనదో కాదో తేల్చుకోవడానికి ఒక పని చెప్పండి. ఓపెన్‌ఈఎంఎస్ అని యాంటెన్నా ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లోనే లెక్కగట్టి చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో ఒక చిన్న యాంటెన్నా గీసి, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద చేయించి, రాగి నీటికి తగలకుండా పైన సిలికాన్ పూసి, కాలేజీ ల్యాబ్‌లో నెట్‌వర్క్ అనలైజర్‌కు తగిలించి చూడమనండి, యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీలో బాగా పనిచేస్తుందో అక్కడ దాని తెర మీది గీత లోయలా కిందికి దిగుతుంది. తర్వాత ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు, పంచదార, ఉప్పు కలిపి అందులో ముంచమనండి. ల్యాబుల్లో కండరానికి బదులు ఇదే వాడతారు, పంచదార నీటి పర్మిటివిటీని, అంటే తరంగాన్ని కుదించే గుణాన్ని తగ్గిస్తుంది, ఉప్పు కండక్టివిటీని, అంటే కరెంటు పారే గుణాన్ని పెంచుతుంది. గాలిలో ఒక చోట కనబడిన ఆ లోయ ముంచగానే కింది ఫ్రీక్వెన్సీకి జారిపోతుంది. ఎంత జారింది, సిమ్యులేషన్‌తో ఎందుకు కలవడం లేదు అని రాత్రి దాకా కూర్చుంటే ఇక మీకు బెంగక్కర్లేదు. విసుగొస్తే నాలుగో సంవత్సరానికి ముందే తెలిసింది, నష్టమేం లేదు.

ఎంటెక్ సీటుకు రాసే గేట్ ప్రిపరేషన్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టించండి, మాక్స్‌వెల్ సమీకరణాలు, ట్రాన్స్‌మిషన్ లైన్లు అందులోనూ ఉన్నాయి కాబట్టి ఈ చదువూ ఆ చదువూ ఒకటే అవుతాయి. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్‌తో పాటు బయోమెడికల్ విభాగం కూడా ఉంది, ఒకసారి తీసుకెళ్లి చూపించండి.